కొండలను ప్రేమించిన తండ్రి: మహర్షి దేవేంద్రనాథ ఠాకూరు

(ఉపన్యాస పాఠము)



1914వ సంవత్సరమున లండను నగరమందు మాక్మిలన్ కంపెనీవారు ఒక పుస్తకమును ప్రకటించిరి. అది బెంగాలీ భాషలో వెలసిన ఒక ఆత్మకథకు ఆంగ్లానువాదము. ఆ కథ మహర్షి దేవేంద్రనాథ ఠాకూరుది. అనువదించినవారు ఇద్దరు. ఒకరు ఆయన రెండవ కుమారుడు సత్యేంద్రనాథుడు. మరియొకరు సత్యేంద్రనాథుని కుమార్తె ఇందిరాదేవి. సత్యేంద్రనాథుని పేరు ప్రభుత్వోద్యోగుల సభలో తలచుట ఉచితము. 1863లో ఇండియన్ సివిల్ సర్వీసునకు ఎన్నికైన ప్రథమ భారతీయుడు ఆయనయే. ముప్పది సంవత్సరములకు పైగా బొంబాయి రాజధానిలో పనిచేసి 1897లో ఉద్యోగమునుండి విశ్రాంతి గైకొనెను. ఫైళ్లలోను తీర్పులలోను జీవితము గడపిన ఆ కుమారుడు, కడకు కుమార్తెతో కలిసి కూర్చుండి, తన తండ్రి తిరిగిన కొండలను, దాటిన నదులను మరియొక భాషలోనికి తెచ్చెను.

తండ్రులను బిడ్డలు పలువిధముల స్మరింతురు. పటము కట్టించి గోడకు తగిలించువారు కలరు. తిథినాడు తర్పణము విడుచువారు కలరు. ఠాకూరు కుటుంబమువారు తమ పెద్దను స్మరించిన విధము వేరు. ఆయన ఏ ఆరుబయలును ప్రేమించిరో, దానినే వారు తమ జీవితములలోనికి తెచ్చుకొనిరి. మహర్షి వేదాంతమును గూర్చియు, బ్రహ్మసమాజమునకు వారు చేసిన సేవను గూర్చియు గ్రంథములు పెక్కు వెలువడినవి. తండ్రిగాను తాతగాను ఆయన ఇచ్చినదేమి యనునదియే ఈ ఉపన్యాసమునకు విషయము.

దేవేంద్రనాథులు 1817 మే 15వ తేదీన కలకత్తాలో జన్మించిరి. తండ్రి ద్వారకానాథుడు గొప్ప వర్తకుడు, జమీందారు. ఆయన వైభవమును చూచి జనులు ‘ప్రిన్సు’ అని పిలిచెడివారు. అట్టి ఇంటిలో పుట్టిన కుమారునకు పదునెనిమిదవ యేట ఒక అనుభవము కలిగెను. అవ్వకు అంత్యకాలము సమీపింపగా, ఆనాటి ఆచారము ననుసరించి ఆమెను గంగాతీరమునకు తీసికొనిపోయిరి. ఆమె కన్నుమూయుటకు ముందటి రాత్రి, వెన్నెలలో, నిమ్‌తలా రేవు దగ్గర ఒక ముతక చాపమీద ఆ యువకుడు కూర్చుండియుండెను. ఇంటిలోని తివాచీలు, దీపగుచ్ఛములు ఆ క్షణమున ఆయనకు తుచ్ఛములుగా తోచినవి. కూర్చున్న చాపయే తనకు తగినదిగా కనబడినది. మాటలకందని ఆనందమొకటి మనస్సును నింపినది. ఆ ఆనందము నాలుగు గోడల నడుమ లభించినది కాదు. నది ఒడ్డున, ఆకాశము క్రింద లభించినది. జీవితాంతము ఆయన దానిని వెదకికొనుచు బయటికి పోవుచునే యుండిరి.

ఇట్టివారు లోకవ్యవహారమునుండి తప్పించుకొని తిరుగువారని కొందరు తలంపవచ్చును. అది నిజము కాదు. 1846లో ద్వారకానాథుడు లండనులో మరణించెను. కొలది కాలమునకే ఆయన వర్తకసంస్థ దివాలా తీసెను. అప్పులవారికి అందకుండునట్లు తండ్రి కొంత ఆస్తిని ట్రస్టు క్రింద ఉంచియుండెను. దేవేంద్రనాథులు ఆ రక్షణను కోరక, ఉన్నదంతయు ఋణదాతల ముందుంచిరి. సంవత్సరముల తరబడి ఖర్చులు తగ్గించుకొని తండ్రి ఋణములను తీర్చిరి. కొండలమీదికి పోయిన పాదములు బాధ్యతనుండి పారిపోయిన పాదములు కావు.

1856 శరత్కాలమున ఆయన కలకత్తా విడిచి పడవమీద కాశికి బయలుదేరిరి. నాటికి రైలుమార్గము కాశివరకు సాగలేదు. ప్రయాగ, ఆగ్రాలమీదుగా ఢిల్లీకి చేరుచుండగా యమునా తీరపు ఇసుకమీద గొప్ప జనసమూహము కనిపించెను. విచారింపగా, బాదుషా గాలిపటములు ఎగురవేయుచున్నాడని తెలిసెను. ఆ బాదుషా బహదూర్ షా జఫర్. అటుపిమ్మట దేవేంద్రనాథులు అమృతసరస్సు మీదుగా సిమ్లా చేరిరి. అప్పటికి 1857 వేసవి. మైదానములలో తిరుగుబాటు చెలరేగినది. సిమ్లాలోని తెల్లవారు భయకంపితులై కొండదిగి పోవుచుండిరి. ఆ కలవరము కొంత చల్లారగానే దేవేంద్రనాథులు ఇంకను పైకి, మంచుకొండలవైపు సాగిరి.

ఆ ప్రయాణమును ఆయన వర్ణించిన తీరు చదువదగినది. చెట్ల వయస్సును, లోయల లోతును, కారుచిచ్చు రాత్రివేళ కొండలమీద ప్రాకిన విధమును ఆయన శ్రద్ధతో చూచిరి. మనుష్యులు చూడని చోట్ల పూచిన చిన్న అడవిపూవులను చేతబట్టి, వీనిమీదనే ఈశ్వరునకు ఇంత కరుణ యుండగా మనుష్యులమీద ఎంత యుండునో యని తలపోసిరి. వేదాంతులు అడవికి పోయి కన్నులు మూసికొందురని అనుకొనుట వాడుక. ఈయన అడవికి పోయి కన్నులు తెరచిరి.

సిమ్లా కొండలలో రెండవ వర్షాకాలము వచ్చినది. ఒకనాడు ఆయన లోయలోనికి దిగి ఒక నదిని చూచుచు నిలిచిరి. ఇక్కడ ఇంత నిర్మలముగా, ఇంత చల్లగా నున్న ఈ నీరు క్రిందికేల పరుగెత్తుచున్నది? దిగిన కొలది మట్టియు మలినమును కలియవా? అయినను దానికి ఆగుటకు శక్తి లేదు. పొలములను తడిపి పైరును పండించుటకై అది తన నిర్మలత్వమును విడిచి క్రిందికి పోవలసినదే. ఈ తలంపు కలిగిన క్షణమున, తన గర్వమును విడిచి ఆ నదివలె దిగిపొమ్మనియు, ఇక్కడ పొందిన సత్యమును లోకమున ప్రకటింపుమనియు అంతరంగమున ఒక ఆజ్ఞ వినిపించినదని ఆయన చెప్పుకొనిరి. ఆయనకు దిగుట ఇష్టము లేదు. అయినను దిగిరి. దారిలో కాన్పూరు ప్రాంతమున ఒక మైదానమందు గుడారము కనబడినది. ఢిల్లీ బాదుషాను బందీగా తీసికొనిపోవుచున్నారని జనులు చెప్పిరి. పోవునపుడు యమునాతీరమున గాలిపటము ఎగురవేసిన చేతులే అవి! 1858 చివర దేవేంద్రనాథులు నలుబదియొకటవ యేట ఇల్లు చేరిరి. ఆయన ఆత్మకథ అక్కడితో ముగియును.

రెండున్నర సంవత్సరముల తరువాత, 1861 మే 7వ తేదీన, రవీంద్రుడు జన్మించెను. ఆ తండ్రి నదివెంట దిగి రాకయున్నచో భారతదేశము పోగొట్టుకొనియుండునది ఎంతయో వేరుగా చెప్పనక్కరలేదు.

అయినను ఈ కథకు మరియొక ప్రక్క కలదు. దానిని దాచుట న్యాయము కాదు. మహర్షి ఇంటికి వచ్చినను ఎక్కువ కాలము నిలిచెడివారు కారు. ఏటేట కొండలకో, నదులమీదికో పోయెడివారు. బిడ్డలకు ఆయన అపరిచితునివలె ఉండెడివారని రవీంద్రుడే తన జీవితస్మృతిలో వ్రాసెను. ఆయన వచ్చినపుడు ఇల్లంతయు సద్దు మణగి యుండెడిది. పోయినపుడు బెంగయంతయు భార్య శారదాదేవికి మిగిలెడిది. ఒకసారి రష్యావారు హిమాలయముల దారిని దండెత్తి వచ్చెదరని పుకారు పుట్టెను. భర్త ఆ కొండలలోనే యున్నాడు. ఇంటిలోని పెద్దలెవ్వరును తన భయమును లెక్కచేయకపోగా, ఆమె చిన్నకుమారుని పిలిచి తండ్రికి ఉత్తరము వ్రాయుమనెను. బాలుడు కచేరిలోని గుమాస్తా సాయముతో ఉత్తరము వ్రాసెను. భయపడవలదనియు, రష్యావారు వచ్చినచో తానే వారిని తరిమివేయుదుననియు జవాబు వచ్చెను. తల్లికి ఆ జవాబుతో ధైర్యము చిక్కలేదు; బాలునకు మాత్రము తండ్రియెడ బెరుకు తీరెను. అటుపిమ్మట ప్రతిదినమును ఉత్తరము వ్రాయవలెనని వాడు గుమాస్తాను వేధింపసాగెను.

ఆ తల్లి భయమును చూచి నవ్వుట సులభము. ఉద్యోగరీత్యా భర్త దూరదేశములందు తిరుగుచుండగా ఇల్లు కనిపెట్టుకొనియుండు ఇల్లాండ్రకు ఆమె మనస్సు బాగుగా తెలియును. ఆరుబయలు ఒకరికి ఆనందమైనపుడు దాని వెల మరియొకరు చెల్లించుట కద్దు. శారదాదేవి చెల్లించిన వెల ఈ కథలోనుండి తుడిచివేయరానిది.

ఇంటిలో బాలుని పెంపకము సేవకుల చేతిలో నుండెను. శ్యాముడను సేవకుడు బాలుని ఒకచోట కూర్చుండబెట్టి చుట్టును సుద్దతో గీత గీచి, దానిని దాటినచో అపాయము తప్పదని బెదరించి తన పనిమీద పోయెడివాడు. గీత దాటిన సీతమ్మ పడిన కష్టములు రామాయణములో విన్న పిల్లవాడు కదలక కూర్చుండెడివాడు. కిటికీలోనుండి కనబడు చెరువును, ఒడ్డున ఊడలు దింపిన మఱ్ఱిచెట్టును, ఒక్కొక్కరు ఒక్కొక్క తీరుగా స్నానము చేసిపోవు మనుష్యులను చూచుచు పగలు గడపెడివాడు. బయటి ప్రపంచమంతయు అతనికి కిటికీ చువ్వల వెలుపలనే యుండెడిది.

1873లో బాలునకు ఉపనయనము జరిగెను. గొరిగిన తలతో బడికి పోయినచో తోడిపిల్లలు పరిహసింతురని అతడు దిగులుపడుచుండెను. అప్పుడు తండ్రి మేడమీదికి పిలిచి, తనతో హిమాలయములకు వచ్చెదవా యని అడిగిరి. బడి ఎక్కడ? హిమాలయములెక్కడ? జవాబుగా ఆకాశము పగులునట్లు కేక వేయవలెనని తోచినదట.

మొదటి మజిలీ బోల్‌పూరు. అక్కడికి చేరునప్పటికి సాయంకాలము. పల్లకిలో కూర్చున్న బాలుడు, రేపు చూడబోవు వింతలు మసకచీకటిలో ముక్కలుగా కనబడి పాడగునేమో యని కన్నులు మూసికొనెను. తెల్లవారి చూడగా ఎఱ్ఱని కంకరనేల, వానలు కోసిన గండ్లు, దూరముగా ఆకాశము. అక్కడ వరిచేలు ఉండునని ఎవరో చెప్పియుండిరి, వెదకినను కనబడలేదు. అయినను ఎవరును గీత గీయలేదు. బాలుడు గండ్లలో తిరిగి రంగురంగుల రాళ్లను చెంగున నింపుకొని తండ్రికి చూపెను. “ఇవి ఏమి చేసికొందువు, పారవేయుము” అని ఆయన అనలేదు. చాల బాగుగానున్నవని మెచ్చుకొని, అక్కడి దిబ్బను ఆ రాళ్లతో అలంకరింపుమనిరి. మరియొకనాడు బాలుడు ఒక గండిలో ఊటనీటి గుంటను కనుగొని, స్నానపానములకు ఆ నీరు తెప్పింపరాదా యని అడిగెను. తండ్రి ఒప్పుకొనుట మాత్రమే కాదు, ఆ నీటినే తెప్పించిరి. కనుగొనినవాని గౌరవమును ఆయన నిలిపిరి.

లెక్కలతో పనిచేయువారికి నచ్చు సంగతి యొకటి ఇక్కడ చెప్పవలసియున్నది. తండ్రి కొన్ని అణాలు బాలుని చేతికిచ్చి, ఖర్చునకు లెక్క చూపవలెననిరి. బిచ్చగాండ్రకు వేయదలచినచో అడ్డు లేదు. లెక్క మాత్రము తప్పదు. ఒకనాడు లెక్క తేలినప్పుడు నిల్వ ఉండవలసినదానికంటె ఎక్కువగా నుండెను. నీ చేతిలో ధనము పెరుగుచున్నది గనుక నిన్ను ఖజానాదారుగా నియమింపవలెనని తండ్రి నవ్విరి. ఖరీదైన బంగారు గడియారమునకు తాళమిచ్చు పని కూడ బాలునికే అప్పగించిరి. అతడు చూపిన శ్రద్ధ కొంచెము మితిమీరి, గడియారమును మరమ్మతునకు కలకత్తా పంపవలసివచ్చెను. అందుకు మందలింపు లేదు.

బోల్‌పూరునుండి పడమటికి రైలు ప్రయాణము. ఒక పెద్ద స్టేషనులో టిక్కెట్టు పరీక్షకుడు వచ్చి బాలుని అరటిక్కెట్టును అనుమానముతో చూచిపోయెను. పిమ్మట మరియొకడు వచ్చెను. కడకు స్టేషను మాష్టరే వచ్చి, ఈ పిల్లవానికి పండ్రెండు నిండలేదా యని అడిగెను. లేదని తండ్రి చెప్పిరి. నిజమునకు పదునొకండు దాటినవి, పండ్రెండు నిండలేదు. అయినను పూర్తి చార్జీ ఇమ్మని స్టేషను మాష్టరు పట్టుబట్టెను. తండ్రి కన్నులు ఎఱ్ఱవడెను. మాటాడక పెట్టెలోనుండి నోటు తీసియిచ్చిరి. మిగిలిన చిల్లర తెచ్చియియ్యగా ఆయన దానిని ప్లాటుఫారముమీదికి విసరివేసిరి. నాణెములు రాతినేలపై గలగలలాడెను. కొద్ది రూపాయలకై అబద్ధమాడునని తన్ను శంకించినందుకు ఆయనకు కలిగిన కోపమది. స్టేషను మాష్టరు సిగ్గుపడి వెడలిపోయెను. కొండల నిర్మలత్వమును ప్రేమించిన మనుష్యుడు మైదానములోని రైలుస్టేషనులో దానిని ఎట్లు నిలుపుకొనెనో బాలుడు ప్రక్కన కూర్చుండి చూచెను. అది ఏ పాఠ్యపుస్తకమునను లేని పాఠము.

అమృతసరస్సున వారు సుమారు ఒక నెల నిలిచిరి. తండ్రి కుమారుని వెంటబెట్టుకొని స్వర్ణదేవాలయమునకు పోయి, సిక్కు భక్తుల నడుమ కూర్చుండి, వారి భజనలో తామును గొంతు కలిపెడివారు. సాయంకాలమున వసారాలో కూర్చుండి బాలుని పాడుమనెడివారు. చెట్ల ఆకులమధ్యనుండి వెన్నెల వసారాలో పడుచుండగా, తల వంచి, చేతులు జోడించి, తండ్రి కుమారుని పాట వినెడివారు. చాల సంవత్సరములకు పిమ్మట, రవీంద్రుడు తాను రచించిన పాటలను పాడి వినిపింపగా, దేశమునేలు రాజునకు ఈ భాష తెలిసియున్నచో కవిని సత్కరించెడివాడే. అట్లు లేదు గనుక ఆ పని తానే చేయవలెనని చెప్పి, ఐదువందల రూపాయల చెక్కు కుమారుని చేతికిచ్చిరి.

వేసవి మొదట వారు డల్‌హౌసీ కొండలెక్కిరి. డోలీలలో ప్రయాణము. కొండవాలున మెట్టుమెట్టుగా పొలములు. మలుపుమలుపున చెట్ల గుంపులు. నాచుపట్టిన రాళ్లమీదుగా జారు సెలయేళ్లు. ప్రతిచోటను బాలునకు అక్కడనే ఉండిపోవలెనని కోరిక కలిగెడిది. బక్రోటా అను శిఖరముమీద వారి ఇల్లు. క్రింద దేవదారు వనము. ఇనుపపొన్ను వేసిన చేతికఱ్ఱ పట్టుకొని బాలుడు ఒంటరిగా ఆ అడవిలో తిరిగెడివాడు. ఒక్కనాడును తండ్రి పోవలదనలేదు.

అట్లని అది క్రమశిక్షణ లేని జీవితము కాదు. రాత్రివేళ మెలకువ వచ్చినపుడు, ఎఱ్ఱని శాలువ కప్పుకొని, చేత దీపము పట్టుకొని, అద్దాల వసారాలోనికి ధ్యానమునకై పోవుచున్న తండ్రి కనబడెడివారు. తెల్లవారకమునుపే ఆయన బాలుని లేపెడివారు. కంబళ్ల వెచ్చదనమును విడిచి సంస్కృత శబ్దములు వల్లెవేయవలెను. సూర్యోదయమున తండ్రి కుమారుని ప్రక్కన నిలుపుకొని ఉపనిషన్మంత్రములను పఠించెడివారు. పిమ్మట వ్యాహ్యాళి, ఆయన నడకను పెద్దవారే అందుకొనలేరు, బాలుడు నడుమనే తిరిగి వచ్చెడివాడు. ఆ తరువాత ఇంగ్లీషు పాఠము. పదిగంటలకు మంచువంటి చన్నీటి స్నానము. వేడినీరు కలుపుటకు నౌకరులకు ధైర్యము చాలదు.

రాత్రులందు నక్షత్రపాఠము. నిర్మలమైన కొండగాలిలో నక్షత్రములు దగ్గరగా వెలుగుచుండగా, తండ్రి ఒక్కొక్కదానిని చూపి గ్రహముల గతులను, దూరములను వివరించెడివారు. బాలుడు విన్నదానిని తన మాటలలో వ్రాసెడివాడు. అరువదినాలుగు సంవత్సరముల తరువాత, 1937లో, రవీంద్రుడు ‘విశ్వపరిచయము’ అను శాస్త్రగ్రంథమును ప్రకటించెను. శాస్త్రజ్ఞుడైన సత్యేంద్రనాథ బోసునకు దానిని అంకితమిచ్చుచు, డల్‌హౌసీలో తండ్రి చూపిన నక్షత్రములను అందులో స్మరించెను.

రవీంద్రుడు ఈ దినములనుండి గ్రహించిన సారమేమి? కొండలమీద ఒంటరిగా తిరుగుటకు తండ్రి ఎట్లు అడ్డుచెప్పలేదో, సత్యమును వెదకుటలో కూడ తన దారిని తానే ఎన్నుకొనుటకు అట్లే అడ్డుచెప్పలేదని ఆయన వ్రాసెను. కుమారుడు పొరపడునేమో, బాధపడునేమో యని తండ్రి వెనుకాడలేదు. దారి తప్పినను మరల రాగలడని ఆయన నమ్మకము. భయముచేత ఒప్పుకొనిన మంచికంటె, ప్రేమించి పట్టుకొనిన మంచి మేలని ఆయన యెరుగుదురు. శ్యాముడు గీచిన సుద్దగీతకును, తండ్రి చేతికిచ్చిన పొన్నుకఱ్ఱకును గల తేడా ఇదియే. సేవకుడు తన బాధ్యత తీరిన చాలుననుకొనెను. తండ్రి పిల్లవాడు పెరుగవలెననుకొనిరి.

తరువాతి కాలమున రవీంద్రునకు ఎడ్లబండిమీద గ్రాండు ట్రంకు రోడ్డు వెంబడి పెషావరు వరకు పోవలెనని ఒక కోరిక పుట్టెను. విన్నవారందరును వలదనిరి. తండ్రి ఒక్కరే సంతోషించిరి. రైలులో పోవుట ప్రయాణమే కాదని చెప్పి, తాము కాలినడకను, గుఱ్ఱముమీదను తిరిగిన కథలు వినిపించిరి.

ఆ తండ్రి నాటినది ఒక్క కుమారునియందే మొలకెత్తలేదు. పెద్దకుమారుడు ద్విజేంద్రనాథుడు తత్త్వవేత్త; వార్ధక్యమున శాంతినికేతనమందు కూర్చున్నపుడు ఉడుతలును పక్షులును వచ్చి ఆయన చేతిలోని మేతను తినెడివి. మరియొక కుమారుడు జ్యోతిరింద్రనాథుడు రాంచీ దగ్గర మొరాబాదీ కొండమీద ఇల్లు కట్టుకొని అక్కడనే చివరి సంవత్సరములు గడపెను. నేటికిని దానిని ఠాకూరు కొండ యందురు. ఇక మనుమరాలు ఇందిరాదేవి. రవీంద్రుడు పద్మానదిమీద పడవలో నివసించుచు, ఆ నీటిని, ఇసుకతిన్నెలను, సంధ్యాకాంతిని వర్ణించుచు సంవత్సరముల తరబడి ఉత్తరములు వ్రాసినది ఈ అన్నకూతురునకే. ఆమె వానిని భద్రముగా నోటుపుస్తకములలోనికి ఎత్తి వ్రాసికొనెను. 1912లో ‘ఛిన్నపత్రము’ అను పేర వెలువడిన గ్రంథమునకు అవియే ముఖ్యాధారము. పినతండ్రి నదిని భద్రపరచిన ఆ చేతులే తాతగారి కొండలను ఆంగ్లములోనికి తెచ్చినవి. విచిత్రమేమనగా, తండ్రీకుమారులు డల్‌హౌసీ వెళ్లిన ఆ 1873వ సంవత్సరముననే ఆమె జన్మించెను.

బోల్‌పూరులోని ఎఱ్ఱనేలను మహర్షి 1863లోనే గుత్తకు తీసికొనియుండిరి. ఇరువది బిఘాల బీడుభూమి. దానిలో రెండు ఏడాకులపాల చెట్లు. ఆ చెట్లనీడ ఆయనకు నచ్చెను. అక్కడ కట్టిన ఇంటికి శాంతినికేతనమని పేరు. 1888లో దానిని ట్రస్టుగా చేసి, అక్కడ ఏ మతమును నిందింపరాదనియు, జీవహింస కూడదనియు శాసించిరి. 1901 డిసెంబరులో, తండ్రి అనుమతి పొంది, రవీంద్రుడు అక్కడ చెట్లక్రింద పాఠశాల తెరచెను. మొదటి ఐదుగురు విద్యార్థులలో ఒకడు రవీంద్రుని కుమారుడు రథీంద్రనాథుడు. అనగా మహర్షి మనుమడు. చదువుకొన్నవారు కుమారులను న్యాయవాదులుగానో, పెద్ద అధికారులుగానో చేయదలచు ఆ కాలమున, రవీంద్రుడు 1906లో రథీంద్రుని వ్యవసాయశాస్త్రము నేర్చుటకై అమెరికాకు పంపెను. అతడు ఇల్లినాయి విశ్వవిద్యాలయమున చదివి 1909లో తిరిగివచ్చెను. 1922లో గ్రామసేవకై శ్రీనికేతనము వెలసెను. 1928లో వృక్షారోపణోత్సవము ఆరంభమయ్యెను. 1951లో విశ్వభారతి కేంద్ర విశ్వవిద్యాలయము కాగా, దాని మొదటి ఉపాచార్యుడు రథీంద్రనాథుడే. మహర్షి 1905 జనవరి 19వ తేదీన ఎనుబదియేడవ యేట కన్నుమూసిరి. ఆ బీడుభూమి 2023లో యునెస్కో వారి ప్రపంచ వారసత్వ స్థలముల పట్టికలో చేరినది.

ఆ నీడ తెలుగువారిమీద కూడ పడినది. రాయప్రోలు సుబ్బారావు కొంతకాలము అక్కడ గడపెను. అక్కడ చదువుకొని, పిమ్మట కేంద్రమంత్రిగాను, ఉత్తరప్రదేశ్ గవర్నరుగాను పనిచేసిన బెజవాడ గోపాలరెడ్డి రవీంద్రుని రచనలను పెక్కింటిని తెలుగులోనికి తెచ్చెను. 1919లో రవీంద్రుడు మదనపల్లెకు వచ్చి, అచ్చటి కొండగాలిలో ‘జనగణమన’ను ఆంగ్లములోనికి మార్చిన సంగతి తెలుగువారందరును గర్వముతో చెప్పుకొనునది.

ఇంతకును మహర్షి చిన్నకుమారునితో గడపినది కొన్ని నెలలు మాత్రమే. మిగిలిన బాల్యమంతయు దూరముననే యుండిరి. ఆ దూరమును సమర్థింపనక్కరలేదు. కాని ఆ కొన్ని నెలలలో ఆయన బాలుని వెంట తీసికొనిపోయిరి, తెచ్చిన రాళ్లను మెచ్చిరి, కనుగొనిన నీటిని త్రాగిరి, లెక్క అడిగిరి, గడియారము నప్పగించిరి, అడవిలోనికి పోనిచ్చిరి, చుక్కలను చూపిరి. ధనమున్నవారికే సాధ్యమైనది ఇందులో డోలీ ఒక్కటే. తక్కినవన్నియు ఏ తండ్రికైనను సాధ్యములే.

కేంద్ర ప్రభుత్వోద్యోగుల పిల్లలు తరచుగా ఊళ్లు మారుదురు. గోదావరి గట్టును, కృష్ణ ఇసుకను సెలవులలో మాత్రమే చూతురు. ఢిల్లీలోనైనను, నాగపూరులోనైనను, కలకత్తాలోనైనను వారు పెరుగునది క్వార్టర్ల వరుసలలో. పెద్దలు ప్రేమచేతనే వారి చుట్టు సుద్దగీతలు గీయుదురు: బండ్లు తిరుగుననియు, ఎండ యనియు, పరీక్షలనియు. ఆ భయములు నిజమైనవే. శారదాదేవి భయము కూడ నిజమైనదే. అయినను ఊరి బయట ఒక గుట్టయో, చెరువో ఉండకపోదు. ఆదివారము ఉదయమున పిల్లవానిని గాని పిల్లను గాని అక్కడికి తీసికొనిపోయి, కొంతదూరము ముందు నడువనిచ్చి, తెచ్చిన రాయిని చేతిలోనికి తీసికొని చూచుటకు సెలవుచీటి వ్రాయనక్కరలేదు.

విశ్వభారతి స్నాతకోత్సవమున పట్టభద్రులకు ఏడాకులపాల రెమ్మను చేతికిచ్చుట ఒకప్పటి ఆచారము. ఒక తండ్రి, ఒక తాత, బీడులో చూచి ప్రేమించిన చెట్టు ఆకు అది. దానిని అందుకొనిన యువకులలో పెక్కుమందికి ఆయన ముఖమైనను తెలియదు. ఆకు మాత్రము ఏటేట పచ్చగానే యున్నది.

స్వస్తి.